బి-సేఫ్ భద్రతా శిక్షణ: యుద్ధ ప్రాంతాలకు వెళ్లే సహాయ సిబ్బందికి ఎంతవరకు అక్కరకు వస్తుంది?

ఐక్యరాజ్య సమితి సంస్థలలో వైద్యులుగా, ఇంజనీర్లుగా, సరుకు రవాణా ఉద్యోగులుగా, స్వచ్ఛంద సేవకులుగా చేరే తెలుగువారికి నియామక సమయంలో అందే మొదటి ఆదేశాలలో బి-సేఫ్ అనే ఆన్‌లైన్ శిక్షణను పూర్తిచేసి ధ్రువపత్రం పంపమనడం ఒకటి. సమితి భద్రతా విభాగం 2018లో దీన్ని ప్రవేశపెట్టింది. అంతకుముందు వేర్వేరుగా ఉన్న రెండు పాత కోర్సులను తొలగించి, వాటి స్థానంలో అందరికీ ఒకే కోర్సు ఉండేలా దీన్ని రూపొందించారు. న్యూయార్క్ కార్యాలయంలో పనిచేసే అధికారి అయినా, దక్షిణ సూడాన్‌లో గోదాము చూసుకునే ఉద్యోగి అయినా దీన్ని పూర్తిచేయక తప్పదు. సమితితో ఏ సంబంధమూ లేనివారు సైతం భద్రతా విభాగపు శిక్షణ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుని ఉచితంగా చేయవచ్చు. ఒక పూట సమయం కేటాయిస్తే పూర్తవుతుంది.

సహాయ సామగ్రి రవాణా పనిలో ఉంటూ ఈ కోర్సును, దీని తరువాతి మెట్టు అయిన ప్రత్యక్ష శిక్షణను కూడా పూర్తిచేసిన నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. అజాగ్రత్త వల్ల, అవగాహన లేకపోవడం వల్ల జరిగే ప్రమాదాల నుంచి మనిషిని కాపాడే విషయంలో బి-సేఫ్ చాలా మంచి శిక్షణ. కానీ ఈనాడు సహాయ సిబ్బంది ప్రాణాలు ఎక్కువగా పోతున్నది వారి అజాగ్రత్త వల్ల కాదు. ఈ తేడా తెలిసి చేసినవారికి కోర్సు మేలు చేస్తుంది. ధ్రువపత్రం చేతికి రాగానే తాము సురక్షితులమని భావించేవారికి మాత్రం అది లేనిపోని ధైర్యాన్నిస్తుంది.

ఈ శిక్షణ ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని స్వభావం అర్థమవుతుంది. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లోని కెనాల్ హోటల్‌లో ఉన్న సమితి కార్యాలయంపై పేలుడు పదార్థాలు నింపిన లారీతో దాడి జరిగింది. 22 మంది మరణించారు. ఇరాక్‌లో సమితి ప్రత్యేక ప్రతినిధిగా ఉన్న సెర్జియో వియెరా డి మెల్లో శిథిలాల కింద చిక్కుకుని ప్రాణాలు విడిచారు. ఆ తరువాత ఫిన్లాండ్ మాజీ అధ్యక్షుడు మార్టి అహ్తిసారి నాయకత్వంలో విచారణ జరిపిన స్వతంత్ర సంఘం సమితి భద్రతా వ్యవస్థ సరిగా పనిచేయడం లేదని ఎలాంటి మొహమాటం లేకుండా చెప్పింది. ఆ నివేదిక ప్రభావంతోనే 2005లో ప్రత్యేక భద్రతా విభాగం ఏర్పడింది. 2007 డిసెంబరులో అల్జీర్స్‌లోని సమితి కార్యాలయంపై జరిగిన దాడిలో మరో 17 మంది ఉద్యోగులు చనిపోయారు. నీలి జెండా ఎగరేస్తే ఎవరూ మన జోలికి రారన్న పాత నమ్మకం ఈ రెండు సంఘటనలతో పూర్తిగా పోయింది. ప్రతి ఉద్యోగీ తన భద్రత గురించి తానే ఆలోచించడం నేర్చుకోవాలన్న నిర్ణయానికి సమితి వచ్చింది. బి-సేఫ్ అంతటా ఈ ఆలోచనే కనబడుతుంది. దాని బలమూ ఇదే, దాని లోపమూ ఇదే.

పాఠాలు ఉపన్యాసాలలా సాగవు. ఒక పరిస్థితిని తెరపై చూపి, ఇప్పుడు మీరేం చేస్తారని అడుగుతారు. తప్పు సమాధానం ఎంచుకుంటే దాని పర్యవసానాన్ని వివరిస్తారు. సమితి భద్రతా వ్యవస్థలో ఎవరి బాధ్యత ఏమిటి, ప్రయాణానికి ముందు భద్రతా అనుమతి ఎలా తీసుకోవాలి, హోటల్ గదిని ఎలా ఎంచుకోవాలి, అగ్నిప్రమాదంలో ఏం చేయాలి వంటి విషయాలు అవసరమైనవే కానీ కొత్తవి కావు. అసలైన విలువ రోడ్డు ప్రయాణం, చెక్‌పోస్టులు, మందుపాతరలు, బందీ పరిస్థితులు, లైంగిక హింస గురించిన భాగాలలో ఉంది.

చెక్‌పోస్టు విషయమే తీసుకుందాం. మన దేశంలో పోలీసు తనిఖీకి అలవాటు పడినవారికి, ఆయుధాలు పట్టుకున్న పదహారేళ్ల కుర్రవాళ్లు తాడు అడ్డంగా కట్టి ఆపే చోట ఎలా ప్రవర్తించాలో తెలియదు. దూరం నుంచే వేగం తగ్గించాలి. రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగు తగ్గించి, లోపలి దీపం వెలిగించాలి. చల్లద్దాలు తీసేయాలి. చేతులు కనబడేలా ఉంచాలి. రేడియో శబ్దం తగ్గించాలి. ఫోన్ పైకెత్తకూడదు, ఫొటో తీయడం ఊహలో కూడా ఉండకూడదు. వెనుక వచ్చే బండి దూరంగా ఆగాలి, అప్పుడే ఒకదానికి ఏదైనా జరిగితే రెండోది వెనక్కి మళ్లగలుగుతుంది. వాహనంలో ఒక్కరే మాట్లాడాలి, ఆ మాట కూడా మర్యాదగా, తొందర లేకుండా ఉండాలి. ఇవన్నీ చదివితే చిన్న విషయాలుగా అనిపిస్తాయి. అయితే తాగిన మత్తులోనో, భయంతోనో, రాత్రంతా నిద్రలేక విసుగుతోనో తుపాకీ పట్టుకుని నిలబడిన మనిషి మన కదలికలను చూసే నిర్ణయం తీసుకుంటాడు. అతని భయాన్ని పెంచకుండా ఉండడమే చెక్‌పోస్టు దగ్గర మన చేతిలో ఉన్న ఏకైక రక్షణ.

మందుపాతరల భాగం నాకు అన్నిటికంటే నచ్చింది. మనం కింద పెట్టని వస్తువును మనం తీయకూడదన్న ఒక్క సూత్రం గుర్తుంచుకున్నా ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. ఎర్రని త్రిభుజంలో పుర్రె బొమ్మ ఉండే అధికారిక హెచ్చరిక ఫలకాలు అన్నిచోట్లా ఉండవు. ఊరివాళ్లు అడ్డంగా పేర్చిన కర్రలు, కుప్పగా పోసిన రాళ్లు, చెట్టుకు కట్టిన గుడ్డముక్క కూడా హెచ్చరికలే. పశువులు మేయని పచ్చిక, ఎవరూ దున్నని మంచి నేల, నడక లేక గడ్డి మొలిచిన బాట కూడా అదే చెబుతాయి. ప్రమాద ప్రాంతంలో ఉన్నామని అనుమానం రాగానే కదలిక ఆపాలి, పక్కవారిని గట్టిగా హెచ్చరించాలి, చుట్టూ ఏముందో గమనించాలి, సహాయం వచ్చేవరకు అక్కడే ఉండాలి. గాయపడిన స్నేహితుడి వైపు పరుగెత్తాలని మనసు లాగుతుంది. ఆ పరుగులోనే రెండో ప్రాణం పోతుంది. ఈ విషయాన్ని ముందే ఒకసారి ఆలోచించి పెట్టుకున్నవారికీ, ఆ క్షణంలో మొదటిసారి ఎదుర్కొన్నవారికీ మధ్య తేడా చాలా ఉంటుంది. ఇలాంటి ఆలోచనను ముందుగానే మనసులో నాటడానికి ఆన్‌లైన్ పాఠం సరిపోతుంది.

బందీగా చిక్కిన పరిస్థితి గురించి చెప్పే భాగం సంయమనంతో ఉంది. పట్టుకున్న తొలి నిమిషాలే అత్యంత ప్రమాదకరమని, అప్పుడు ఎదురు తిరగకూడదని, సొంతంగా బేరసారాలకు దిగకూడదని, రోజులు గడిచేకొద్దీ తిండి, నిద్ర, వ్యాయామం విషయంలో ఒక క్రమాన్ని పెట్టుకోవాలని, విడిపించేందుకు సాయుధ చర్య జరిగితే నేలకు అతుక్కుని చేతులు కనబడేలా ఉండాలని ఇలాంటి శిక్షణలన్నీ చెబుతాయి. లైంగిక హింస గురించిన పాఠంలో బాధితురాలి ప్రవర్తనను కారణంగా చూపకపోవడం, దాడి తరువాత వైద్య సహాయం త్వరగా అందడం ఎంత ముఖ్యమో స్పష్టంగా చెప్పడం అభినందించదగినవి. మన దేశంలో ఉద్యోగ శిక్షణలు ఈ అంశాన్ని తప్పించుకుని వెళ్లిపోతుంటాయి కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం.

రోడ్డు ప్రమాదాల మీద పెట్టిన శ్రద్ధను తక్కువగా చూడకూడదు. 1948 నుంచి సమితి శాంతి పరిరక్షక కార్యక్రమాలలో 4,400 మందికి పైగా చనిపోయారు. వారిలో జబ్బుల వల్ల, ప్రమాదాల వల్ల పోయినవారి సంఖ్య కావాలని జరిపిన దాడులలో పోయినవారికంటే ఎక్కువ. సీటు బెల్టు, వేగ నియంత్రణ, చీకటి పడ్డాక ప్రయాణం చేయకపోవడం, దోమతెర, మరిగించిన నీళ్లు వంటివి వీరగాథలలో కనబడవు, కానీ మనిషిని ఇంటికి తిరిగి చేర్చేవి చాలాసార్లు ఇవే. జాతీయ రహదారులపై బెల్టు లేకుండా వెళ్లే అలవాటున్న మనవాళ్లు ఈ పాఠాన్ని దాటవేయకుండా చూడాలని నా కోరిక.

లోపాల సంగతి కూడా చెప్పాలి. ఆపదలో అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి, భద్రతా అధికారికి తెలియజేయండి అని చెప్పే ప్రతి శిక్షణా అవతల ఎవరో ఒకరు స్పందిస్తారన్న నమ్మకం మీద నడుస్తుంది. 2016 జులై 11న దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో టెరైన్ అనే నివాస ప్రాంగణంలోకి ప్రభుత్వ సైనికులు చొరబడ్డారు. అందులో ఉన్న సహాయ కార్యకర్తలపై అత్యాచారాలు జరిగాయి, ఒక స్థానిక పాత్రికేయుణ్ణి చంపేశారు. సమితి శాంతి పరిరక్షక దళపు స్థావరం అక్కడికి ఒక కిలోమీటరు పైచిలుకు దూరంలోనే ఉంది. బాధితులు ఫోన్లు చేశారు, సందేశాలు పంపారు. ఒక్క దళం కూడా బయలుదేరలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన విశ్రాంత సైనికాధికారి పాట్రిక్ కామర్ట్ జరిపిన విచారణ ఈ వైఫల్యాన్ని బయటపెట్టాక, సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ అక్కడి దళాధిపతిని పదవి నుంచి తొలగించారు. ఆ రోజు టెరైన్‌లో ఉన్నవారు చేయవలసినవన్నీ చేశారు. పిలుపు అందుకున్న వ్యవస్థ కదలలేదు. వ్యక్తికి ఇచ్చే శిక్షణ ఎంత గొప్పదైనా, వ్యవస్థ తన వంతు చేయనప్పుడు దాని వల్ల ఒరిగేది కొద్దిగానే ఉంటుంది. సహాయం రాకపోతే ఏం చేయాలన్న ప్రశ్నను ఇంకా లోతుగా, ఇలాంటి నిజమైన ఉదాహరణల ఆధారంగా చర్చించాలని కోర్సు రూపకర్తలను కోరుతున్నాను.

ఇంతకంటే పెద్ద విషయం ఆకాశం నుంచి వచ్చే ముప్పు. 2024లో ప్రపంచవ్యాప్తంగా 383 మంది సహాయ సిబ్బంది హతులయ్యారని సమితి ప్రకటించింది. అంతకుముందు సంవత్సరంతో పోలిస్తే ఇది 31 శాతం ఎక్కువ. వారిలో 181 మంది గాజాలో, 60 మంది సూడాన్‌లో చనిపోయారు. ఆ ఏడాది దాడులు చేసినవారిలో ప్రభుత్వ బలగాలదే మొదటి స్థానం. మార్గాన దోచుకునే ముఠా నుంచి, గుంపు ఆగ్రహం నుంచి, పాతిపెట్టిన బాంబు నుంచి ఎలా తప్పించుకోవాలో నేర్పవచ్చు. ఒక దేశపు సైన్యం డ్రోన్‌తో గురిపెట్టి కాల్చే క్షిపణి నుంచి తప్పించుకోవడం ఏ కోర్సులోనూ నేర్పలేరు.

2024 ఏప్రిల్ 1న గాజాలోని దేర్ అల్ బలహ్ దగ్గర, ఆహారం పంచే వరల్డ్ సెంట్రల్ కిచెన్ అనే సహాయ సంస్థకు చెందిన మూడు కార్లపై ఇజ్రాయెల్ డ్రోన్లు ఒకదాని తరువాత ఒకటిగా దాడి చేశాయి. ఏడుగురు చనిపోయారు. వారి ప్రయాణం గురించి సైన్యానికి ముందే తెలియజేశారు. వాహనం పైకప్పు మీద సంస్థ గుర్తు ఉంది. నిబంధనలు చెప్పే జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. తీవ్రమైన పొరపాటు జరిగిందని ఇజ్రాయెల్ అంగీకరించి ఇద్దరు అధికారులను తొలగించింది. అదే సంవత్సరం మే 13న గాజాలోని రఫాలో సమితి వాహనంలో యూరోపియన్ ఆసుపత్రికి వెళుతున్న వైభవ్ కాలే కాల్పులలో చనిపోయారు. ఆయన భారత సైన్యంలో కల్నల్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి. మరణించేనాటికి సమితి భద్రతా విభాగంలోనే ఉద్యోగి. అంటే, బి-సేఫ్‌ను నడిపే విభాగానికి చెందిన మనిషి, సైనిక అనుభవమంతా ఉన్న మనిషి, సమితి గుర్తున్న బండిలో వెళుతూ ప్రాణాలు కోల్పోయారు. ఆయనకు తెలియని భద్రతా సూత్రాన్ని మనకు ఎవరు నేర్పగలరు? 2025 మార్చి 23న అదే రఫాలో అంబులెన్సు సిబ్బంది, అగ్నిమాపక సిబ్బంది, సమితి ఉద్యోగి ఒకరు కలిపి 15 మందిని కాల్చి చంపారు. సూడాన్‌లో 2025 జూన్ 2న ఉత్తర దార్ఫర్‌లోని అల్ కోమా దగ్గర ఆగిన ఆహార, పోషకాహార సరుకుల కాన్వాయ్‌పై దాడి జరిగి అయిదుగురు చనిపోయారు. ఆ కాన్వాయ్ మార్గం గురించి కూడా పోరాడుతున్న పక్షాలకు ముందే సమాచారం ఇచ్చారు.

రవాణా పనిలో ఉన్నవారికి ఈ ముందస్తు సమాచారం అన్న విషయం ఎంత ముఖ్యమో తెలుసు. ఏ బండి, ఏ నంబరు, ఎంతమంది, ఏ దారి, ఏ గంటకు బయలుదేరి ఏ గంటకు చేరుతుందన్న వివరాలన్నీ పోరాడే పక్షాలకు పంపి, వారు అందినట్లు చెప్పాకనే తాళం తిప్పుతాం. యుద్ధంలో ఉన్నవారు సహాయ సిబ్బందిని పొరపాటున కొట్టకుండా ఉండేందుకు ఏర్పరచిన పద్ధతి ఇది. 2015 అక్టోబరు 3న అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో సరిహద్దులు లేని వైద్యుల సంస్థ నడిపే ఆసుపత్రిపై అమెరికా విమానం దాడి చేసి 42 మందిని చంపినప్పుడు కూడా, ఆ ఆసుపత్రి ఎక్కడుందో అమెరికా సైన్యానికి ముందే తెలియజేసి ఉన్నారు. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తెగిపోతుంది, సమాచారం అందిందన్న మాటకు రక్షణ లభించిందన్న అర్థం ఎందుకు లేదు అన్న విషయాలు కార్యాలయ అధికారులకే కాకుండా బండిలో కూర్చునే ప్రతి ఒక్కరికీ తెలియాలి. తాను ఎంత ప్రమాదానికి ఒప్పుకుని బయలుదేరుతున్నాడో తెలుసుకునే హక్కు డ్రైవరుకు ఉంది. మొదటి మెట్టు శిక్షణలో ఈ విషయానికి సొంత పాఠం ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2024 మే 24న భద్రతా మండలి ఆమోదించిన 2730వ తీర్మానం సహాయ సిబ్బందిని, వారిలోనూ స్థానిక ఉద్యోగులను కాపాడే బాధ్యత పోరాడే పక్షాలదేనని చెప్పింది. ఆ తీర్మానం గురించి ప్రతి ఉద్యోగికీ చెప్పాలి, ఎందుకంటే తమ భద్రత తమ ఒక్కరి బాధ్యతేనన్న భావన సిబ్బందిలో పాతుకుపోవడం అన్యాయం.

భాష విషయం ఇంకొకటి. చనిపోతున్న సహాయ సిబ్బందిలో అత్యధికులు ఆయా దేశాలవారే. పనిలో ఉండగా కొందరు, తమ ఇళ్లలో కుటుంబంతో ఉండగా మరికొందరు చనిపోయారు. విదేశాల నుంచి వచ్చినవారికి ప్రమాదం పెరిగినప్పుడు విమానంలో చోటు దొరుకుతుంది. స్థానిక డ్రైవరుకు, కాపలాదారుకు, దుబాసీకి, కూలీకి ఆ అవకాశం ఉండదు. ఉండేది అక్కడే, బంధువులు అక్కడే, పిల్లల బడి అక్కడే. ఈ కోర్సులోని ఉదాహరణలు చాలావరకు బయటి నుంచి కొత్త ఊరికి వచ్చిన ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని రాసినట్లు నాకు అనిపించింది. హోటల్ గది ఎలా ఎంచుకోవాలన్న పాఠం, తన సొంత ఇంట్లో ఉంటూ, సహాయ సంస్థలో పనిచేస్తున్నాడన్న కారణంగా ఇరుగుపొరుగుకు అనుమానితుడైన స్థానికుడికి ఎందుకు పనికి వస్తుంది? సమితి అధికార భాషలలో ఏదీ రాని డ్రైవరు పక్కనున్న సహోద్యోగి సాయంతో తెర మీది ప్రశ్నలకు జవాబులు నొక్కి ధ్రువపత్రం సంపాదించుకోవడం క్షేత్రంలో ఉన్నవారికి తెలియని విషయం కాదు. అందులో అతని తప్పేమీ లేదు. ప్రాణానికి సంబంధించిన పాఠాన్ని మనిషికి తన భాషలో చెప్పే ఏర్పాటు చేయవలసింది సంస్థే.

ఆకుపచ్చ దుస్తులు, నీలి టోపీ ధరించే శాంతి పరిరక్షక సైనికుల శిక్షణ వేరు. వారికి దేశంలోనే, బయలుదేరడానికి ముందు, సమితి నిర్దేశించిన పాఠాలతో శిక్షణ ఇస్తారు. ఢిల్లీలో 2000లో ఏర్పడిన సమితి శాంతి పరిరక్షణ కేంద్రం ఈ పని చేస్తోంది. శాంతి పరిరక్షణలో దాదాపు 180 మంది సైనికులను కోల్పోయిన భారతదేశం ఈ విషయంలో ప్రపంచంలో ఎవరికంటే ఎక్కువ మూల్యం చెల్లించింది. 1961 డిసెంబరు 5న కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో పోరాడుతూ మరణించిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర లభించింది. 2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లోని జోంగ్లేయ్ రాష్ట్రంలో సమితి కాన్వాయ్‌కు రక్షణగా వెళుతున్న భారత సైనికులపై పొంచి ఉన్న సాయుధులు దాడి చేసినప్పుడు అయిదుగురు సైనికులు, ఏడుగురు పౌర సిబ్బంది కలిసి చనిపోయారు. సైనికుడి భద్రత, సహాయ ఉద్యోగి భద్రత ఒకే దారిలో ఎలా ముడిపడి ఉంటాయో ఈ సంఘటన చెబుతుంది. 2022 జులై 26న కాంగోలోని బుటెంబోలో సమితికి వ్యతిరేకంగా చెలరేగిన గుంపు హింసలో సరిహద్దు భద్రతా దళానికి చెందిన ఇద్దరు జవాన్లు చనిపోయారు. కాపాడడానికి వచ్చిన దళంపైనే జనం తిరగబడితే ఎలా ప్రవర్తించాలన్నది తుపాకీ శిక్షణ ఒక్కటే తేల్చగల విషయం కాదు.

సమితి కోరిక మీద బ్రెజిల్ సైనికాధికారి సాంటోస్ క్రూజ్ 2017లో ఇచ్చిన నివేదికను ఇక్కడ గుర్తు చేయాలి. 2013 నుంచి 2017 వరకు హింసాత్మక చర్యలలో 195 మంది శాంతి పరిరక్షకులు చనిపోయారని, అంతకుముందు ఏ అయిదేళ్లలోనూ ఇంతమంది పోలేదని ఆయన చూపించారు. నీలి టోపీ, సమితి జెండా తమంతట తాముగా రక్షణ ఇవ్వడం ఆగిపోయిందని రాశారు. స్థావరం గోడల వెనుక కూర్చుని దాడి కోసం ఎదురుచూసే దళం మరింత బలహీనమవుతుందని, ముందుకు కదిలి ప్రమాదాన్ని అదుపు చేసే దళమే తనను తాను కాపాడుకుంటుందని వాదించారు. ఆ వాదనలో ఒక సగంతో నేను ఏకీభవిస్తాను. గస్తీ తగ్గితే సమాచారం తగ్గుతుంది, సమాచారం లేని చోట మందుపాతర ఎదురవుతుంది. అయితే దళం దూకుడు పెంచినప్పుడు, అదే సమితి పేరుతో బియ్యం బస్తాలు పంచే ఉద్యోగిని కూడా జనం పోరాడే పక్షంగా చూడడం మొదలవుతుంది. మాలీలో 2013 నుంచి 2023 వరకు పనిచేసిన సమితి దళం రోడ్డు పక్క బాంబులకు ఎంతోమందిని కోల్పోయింది. చాలా సహాయ సంస్థలు అక్కడ సైనిక రక్షణ లేకుండానే ప్రయాణించడానికి మొగ్గు చూపాయి. జనం అంగీకారమే తమ రక్షణ అన్నది వారి వాదన. అంగీకారం సంపాదించడం అంటే ఏమిటో, ఊరి పెద్దలతో, సాయుధ వర్గాలతో ఎవరు ఎలా మాట్లాడాలో తెలియజేసే పాఠం బి-సేఫ్‌లో ఇంకా బలంగా ఉండవలసింది.

బి-సేఫ్ తరువాత ఎక్కువ ప్రమాదం ఉన్న దేశాలకు వెళ్లేవారికి ఎస్-సేఫ్ అనే ప్రత్యక్ష శిక్షణ ఉంటుంది. కొన్ని రోజులపాటు, సాధారణంగా పనిచేయబోయే దేశంలోనే జరుగుతుంది. రేడియోలో మాట్లాడడం, రక్తస్రావాన్ని బిగింపు పట్టీతో ఆపడం, కాన్వాయ్‌పై దాడి, అపహరణ వంటివాటిని అభినయించి చూపడం ఇందులో ఉంటాయి. తెర మీద చదివిన విషయం చేతికి అలవాటయ్యేది ఇక్కడే. రక్తం కారుతున్న తొడకు పట్టీ బిగించడం బొమ్మ చూసి నేర్చుకునే పని కాదు. ఎదుటి మనిషి నొప్పితో అరుస్తున్నా బిగించడం ఆపకూడదన్న సంగతి చేసి చూస్తేగానీ ఒంటికి ఎక్కదు. నాకు ఎంచుకునే అధికారం ఉంటే, బి-సేఫ్ ధ్రువపత్రం ఒక్కదానితో ఎవరినీ యుద్ధ ప్రాంతానికి పంపను. అపహరణ అభినయం కొందరికి పాత గాయాలను గుర్తుచేసి మనసును బాగా కలచివేస్తుంది కాబట్టి, ఇష్టం లేనివారు తప్పుకునే అవకాశం, శిక్షణ తరువాత మాట్లాడేందుకు సలహాదారు ఉన్నారా అని ముందే అడగాలి.

సమితికి బయట పనిచేసేవారికి వేరే దారులు కూడా ఉన్నాయి. రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య స్టే సేఫ్ పేరుతో ఉచిత ఆన్‌లైన్ పాఠాలు నడుపుతోంది. అందులో ఉద్యోగికి వేరుగా, బృందాన్ని నడిపించే అధికారికి వేరుగా పాఠాలు ఉండడం నాకు నచ్చింది. 2011లో ఏర్పడిన ఇన్సో అనే సంస్థ స్వచ్ఛంద సంస్థలకు ఆయా ప్రాంతాల భద్రతా సమాచారాన్ని ఉచితంగా అందిస్తుంది. చిన్న సంస్థ తరఫున వెళ్లేవారు తమ సంస్థ అందులో సభ్యత్వం తీసుకుందో లేదో కనుక్కోవాలి.

ఈ రంగంలోకి రావాలనుకునే తెలుగు యువతీ యువకులు ఉద్యోగం దొరికేవరకు ఆగకుండా బి-సేఫ్‌ను ఇప్పుడే చేయవచ్చు. దరఖాస్తులో అది ఒక మంచి అంశం, అంతకుమించి ఈ పని మీకు సరిపోతుందా లేదా అన్న ఆలోచనకు అది తొలి అవకాశం. చేసేటప్పుడు జవాబులు వెతికి నొక్కకండి. తప్పు జవాబుకు వచ్చే వివరణలోనే అసలు పాఠం ఉంది. ఇంట్లో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని కొన్ని భాగాలు చూపించండి. మీరు ఎందుకు ఫోన్ చేయలేకపోవచ్చో, సంప్రదించలేని రోజున వారు ఎవరిని అడగాలో అప్పుడే మాట్లాడుకోవచ్చు.

నియామక పత్రంపై సంతకం చేసేముందు కొన్ని ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం అడగండి. ప్రత్యక్ష శిక్షణ ఎప్పుడు, ఎక్కడ ఇస్తారు? నేను ప్రయాణించే వాహనంలో రేడియో, ప్రథమ చికిత్స పెట్టె, ఉపగ్రహ ఫోన్ ఉంటాయా? బుల్లెట్‌ప్రూఫ్ కవచం, శిరస్త్రాణం నా కొలతకు దొరుకుతాయా? పరిస్థితి చెడినప్పుడు నన్ను తరలించే నిర్ణయం ఎవరిది? గాయపడితే ఏ నగరంలోని ఆసుపత్రికి, ఎంతసేపట్లో చేరుస్తారు? బీమా యుద్ధ మరణానికీ, శాశ్వత అంగవైకల్యానికీ, ఆ తరువాతి మానసిక చికిత్సకూ వర్తిస్తుందా? ప్రయాణం సురక్షితం కాదని నేను భావించినప్పుడు ఉద్యోగానికి ముప్పు లేకుండా నిరాకరించే హక్కు ఉందా? చివరగా, నాతో పాటు బండిలో కూర్చునే స్థానిక డ్రైవరుకు ఇదే శిక్షణ, ఇదే కవచం, ఇదే బీమా ఉన్నాయా అని కూడా అడగండి. ఈ చివరి ప్రశ్నకు సంస్థ ఇచ్చే సమాధానాన్ని బట్టి మిగిలిన సమాధానాలను ఎంతవరకు నమ్మవచ్చో మీకు తెలుస్తుంది.